నగరపు నీరు, చేప పెరుగుదల: తూర్పు కోల్‌కతా చెరువులు

పెంపకంలో ఉన్న జలచరాలన్నింటికీ ఒక సామాన్య లక్షణమున్నది. తమకు సరిపడని నీటిని విడిచి మరొక నీటిని వెదుక్కునే అవకాశం వాటికి లేదు. సముద్రపు పాయలో రాతిని అంటిపెట్టుకుని పెరిగే ఆల్చిప్పకు ఆటుపోటులు మోసుకువచ్చిన ఉప్పు, వేడి, ఆహారమే ఆధారం. నాలుగు గట్ల నడుమ వదిలిన చేప స్థితి కూడా ఇంచుమించు అటువంటిదే. నదిలోని చేప వేసవిలో లోతు మడుగులకు, వరదకాలంలో పల్లపు పొలాలకు తరలిపోగలదు. చెరువులోని చేప ఉన్నచోటనే బ్రతకాలి, ఉన్నచోటనే పెరగాలి. కాబట్టి చేపలు పెంచదలచినవారు ముందుగా నీటిని సిద్ధపరచుకోవలసి ఉంటుంది. వెలుతురు, వేడి, ప్రాణవాయువు, నీటి లోతు, నీటిలో కరిగిన లవణాలు, వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ ఫలితం చేప తూకంలో కనిపిస్తుంది.

ఈ విషయాన్ని పెద్దయెత్తున ప్రత్యక్షంగా చూడదలచినవారు కోల్‌కతా నగరపు తూర్పు అంచుకు వెళ్ళాలి. ఈస్టర్న్ మెట్రోపాలిటన్ బైపాస్ రహదారి దాటగానే ఎత్తైన భవనాలు వెనుకబడిపోతాయి. ఎదుట, కనుచూపు మేర, పలుచని నీటి పలకలు, వాటి నడుమ సన్నని మట్టిగట్లు, గట్ల పొడవునా గుర్రపుడెక్క మొక్కల పచ్చని అంచులు కనిపిస్తాయి. ఆ నీరు నగరంలోని ఇళ్ళ నుండి, వీధుల నుండి వచ్చిన మురుగునీరు. ఆ నీటిలోనే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు పెరుగుతున్నాయి. ఈ చెరువులు, వాటి చుట్టూ ఉన్న కూరగాయల మళ్ళు, వరిపొలాలు, గ్రామాలు కలిసి 12,500 హెక్టార్ల విస్తీర్ణం గల తూర్పు కోల్‌కతా చిత్తడినేలలు. ఇందులో చేపల చెరువులు సుమారు 250. వాటి నుండి ఏటా దాదాపు 10,000 టన్నుల చేపలు నగరపు బజార్లకు చేరుతున్నాయి.

బెంగాలీలో ఈ చెరువును 'భేడి' అంటారు. ఆ మాటను తెలుగు లిపిలోకి తెచ్చేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. అజాగ్రత్తగా 'భేరి' అని రాస్తే తెలుగు పాఠకునికి యుద్ధభూమి గుర్తుకు వస్తుంది. అసలు అర్థం గట్టు, కట్ట అని. గట్టు పేరే గట్టు లోపలి నీటికి వచ్చిందన్నమాట. అలాగే హిందీ వ్యాసాలలో మురుగునీటికి వాడే 'మల్-జల్' అనే సమాసాన్ని యథాతథంగా తెలుగు చేస్తే చదివేవారికి వెగటు పుట్టవచ్చు. మన 'మురుగు' అనే మాటలో నిలిచిపోవడం, కుళ్ళడం అనే భావాలున్నాయి. కుళ్ళిన పదార్థం మళ్ళీ ప్రాణికి ఆహారంగా మారడమే ఈ చెరువులలో జరుగుతున్న పని కనుక ఆ మాట ఇక్కడ చక్కగా అతుకుతుంది.

వాలు చెప్పిన చరిత్ర

మురుగు ఇటువైపే ఎందుకు పారింది? హుగ్లీనది నగరానికి పడమట ఉన్నది. అయినా నగరపు నేల నదివైపు వాలి లేదు. యుగయుగాల వరదలలో నది తన ఒడ్డున ఒండ్రును పేర్చుకుంటూ వచ్చినందువల్ల ఒడ్డు ఎత్తుగాను, తూర్పున ఉన్న నేల పల్లంగాను ఏర్పడ్డాయి. 1803లో గవర్నరు జనరల్ వెల్లస్లీ నగరాభివృద్ధిని గురించి సిద్ధపరచిన పత్రంలో, కాలువలను నదివైపు మళ్ళించడం పొరపాటనీ, నేల వాలు తూర్పున ఉన్న ఉప్పునీటి సరస్సులవైపు ఉన్నట్లు తోస్తున్నదనీ పేర్కొనబడింది. 1850 దశకంలో ఇంజనీరు విలియం క్లార్క్ రూపొందించిన భూగర్భ మురుగు కాలువల పథకం కూడా ఆ వాలునే అనుసరించింది.

ఆ రోజులలో తూర్పున ఉన్న నీరు ఉప్పునీరు. బిద్యాధరీ నది ద్వారా సముద్రపు పోటు అక్కడిదాకా వచ్చేది. పండుగప్ప, రొయ్య మొదలైన ఉప్పునీటి జాతులు ఆ పల్లాలలో పెరిగేవి. అయితే పోటునీటితో బ్రతికే నదికి ఒక నియమమున్నది. పోటు పొంగినప్పుడు పరచుకోవడానికి విశాలమైన పల్లం ఉండాలి. ఆటు సమయంలో ఆ నీరు వేగంగా వెనుకకు మళ్ళుతూ నది అడుగున పడిన ఒండ్రును ఊడ్చుకుపోవాలి. పల్లాలకు గట్లు వేయడం, రవాణా కోసం కాలువలు త్రవ్వడం, నగరపు మురుగును నదిలోకి వదలడం, ఇవన్నీ కలిసి బిద్యాధరీకి ఆ అవకాశం లేకుండా చేశాయి. నది పూడిపోయింది. 1928లో అది మృతనదిగా ప్రకటించబడింది.

నది చనిపోయాక సరస్సులకు ఉప్పునీరు రావడం తగ్గింది. ఉప్పునీటి చేపలు క్షీణించాయి. ఒక పర్యావరణ లక్షణం, అంటే లవణీయత మారినందువల్ల ఒక జీవనోపాధి మొత్తం తలక్రిందులైన సందర్భమిది. 1930 ప్రాంతంలో ఇక్కడి పెంపకందార్లు నగరపు మురుగును చెరువులలోకి మళ్ళించి మంచినీటి జాతులను పెంచడం ప్రారంభించారు. తరువాత ఇంజనీరు బి. ఎన్. డే రూపొందించిన పథకం ప్రకారం మురుగును, వాననీటిని వేరువేరుగా తీసుకుపోయే రెండు పెద్ద కాలువలు ముప్ఫై కిలోమీటర్లకు పైబడిన దూరంలోని కుల్టీ నది వరకు త్రవ్వబడి 1943లో పనిచేయసాగాయి. పెంపకందార్లకు ఇది అనుకోని వరమైంది. కాలువలోని నీటిమట్టం చెరువుల కంటె ఎత్తులో ఉన్నందున తూము ఎత్తితే చాలు, యంత్రం లేకుండానే నీరు చెరువులలోకి దిగేది.

ఒక ఏడాది, ఒక చెరువు

ఈ చెరువులకు ఏడాది శీతకాలంలో మొదలవుతుంది. చలి ముదిరిన రోజులలో చేప ఎలాగూ అంతగా మేత తీసుకోదు, పెరగదు. ఆ వ్యవధిని చెరువు మరమ్మతుకు ఉపయోగించుకుంటారు. నీటిని పూర్తిగా తోడి అడుగును ఎండకు విడుస్తారు. పేరుకున్న ఒండ్రును ఎత్తి గట్లమీద వేస్తారు. ఎండిన అడుగును దున్ని సున్నం చల్లుతారు. నల్లని బురదలో ఏడాది పొడవునా కూడిన కుళ్ళు గాలి తగిలి శుద్ధి అవుతుంది. హానికరమైన వాయువులు వెళ్ళిపోతాయి. పరాన్నజీవుల గ్రుడ్లు నశిస్తాయి. ఎండగట్టడానికి వీలులేని చెరువులలో దోపిడీ చేపలను తొలగించడానికి మన దేశమంతటా ఇప్పచెక్క వాడే పద్ధతి ఉన్నది. ఇప్పచెక్కలోని విషపదార్థం చేపలను చంపి, రెండు మూడు వారాలలో తాను విరిగిపోయి ఎరువుగా మారుతుంది.

ఆ పిమ్మట తూము ఎత్తి మురుగునీటిని లోనికి వదులుతారు. ఈ దశలో చెరువులో చేపలు ఉండవు. నీరు కదలకుండా కొన్ని వారాలు నిలుస్తుంది. ఘనపదార్థం అడుగుకు దిగుతుంది. సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని విరగగొట్టి నత్రజని, భాస్వరం, బొగ్గుపులుసు వాయువులను విడుదల చేస్తాయి. సూర్యరశ్మి సహాయంతో వృక్షప్లవకాలు, అంటే కంటికి విడిగా కనిపించని నాచుజాతులు, వీటిని ఆహారంగా తీసుకుని ప్రాణవాయువును నీటిలోకి వదులుతాయి. ఆ ప్రాణవాయువుతో సూక్ష్మజీవులు మరింత మురుగును విరగగొడతాయి. ఒకదాని విసర్జనం మరొకదానికి ఆహారం. నల్లగా ఉన్న నీరు బూడిదరంగుకు, బూడిదరంగు నుండి లేతపచ్చకు మారుతుంది. దుర్వాసన పోతుంది. నీటి అడుగును వెదురు బద్దలతో కెలుకుతూ ఉండడం వల్ల ఈ మార్పు త్వరపడుతుంది.

అప్పుడైనా పిల్లలను ఒక్కసారిగా వదలరు. ముందు కొద్దిపాటి చేపపిల్లలను వదిలి చూస్తారు. అవి చురుకుగా తిరిగితే నీరు సిద్ధమైనదని అర్థం. ప్రయోగశాలలేని చోట పుట్టిన ఈ పరీక్ష ఎంత సరళమైనదో అంత నమ్మదగినది. పిల్లలు వదిలిన తరువాత కూడా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా మురుగును చేర్చుతూనే ఉంటారు. ఎప్పుడు, ఎంత చేర్చాలి అనేది నీటి రంగు, వాసన, ఆనాటి ఎండ, చేపల కదలిక చూసి నిర్ణయిస్తారు. ఈ విద్య పుస్తకాలలో నేర్చినది కాదు. తండ్రి వెంట గట్టుమీద నడిచి కొడుకు నేర్చుకున్నది.

ఎండ, లోతు, ప్రాణవాయువు

ఈ చెరువులు లోతు తక్కువవి. చాలావాటిలో నీరు అర మీటరు నుండి ఒకటిన్నర మీటరు వరకు మాత్రమే ఉంటుంది. లోతైన చెరువులో పైపొర వెలుతురును మింగివేస్తుంది; అడుగుపొరకు వెలుతురు అందదు, అక్కడ నాచు పెరగదు, ప్రాణవాయువు పుట్టదు. అడుగున మురుగు మాత్రం కుళ్ళుతూ ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును కూడా హరిస్తుంది. పలుచని చెరువులో ఎండ దాదాపు అడుగువరకు పనిచేస్తుంది. గాలి వీచినప్పుడు నీరు పైనుండి క్రిందకు కలిసిపోతుంది. ఇంత మురుగును ఇంత చవకగా శుద్ధిచేయడం ఈ తక్కువ లోతు వల్లనే సాధ్యమైనది. మురుగు కుళ్ళడానికి కావలసిన ప్రాణవాయువు పరిమాణాన్ని శాస్త్రజ్ఞులు మాలిన్యానికి కొలబద్దగా తీసుకుంటారు. ఈ చెరువులలో ఆ కొలత నూటికి 80 పాళ్ళకు పైగా తగ్గుతున్నట్లు పరిశీలనలలో తేలింది.

అయితే నాచు పగలు మాత్రమే ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రి అదికూడా ఇతర ప్రాణులవలెనే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అందువల్ల చెరువులో ప్రాణవాయువు మధ్యాహ్నం దాటాక శిఖరానికి చేరి, సూర్యాస్తమయం నుండి తరుగుతూ తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు ఉన్నప్పుడు బొచ్చె, శీలావతి జాతులు చక్కగా మేత తిని పెరుగుతాయి. 3 మిల్లీగ్రాములకు తగ్గితే మేత మందగిస్తుంది. ఇంకా తగ్గితే చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మ్రింగడం మొదలుపెడతాయి. రాత్రి మూడు గంటల తరువాత గట్టుమీద టార్చిలైటుతో తిరిగే కావలివాడు వెదికే దృశ్యం ఇదే. దొంగలకంటె దీనికే అతడు ఎక్కువ భయపడతాడంటే అతిశయోక్తి కాదు.

ఇందులో ఒక చిక్కున్నది. మురుగు ఎక్కువైతే నాచు ఎక్కువవుతుంది. నాచు ఎక్కువైతే పగలు ప్రాణవాయువు పుష్కలంగా ఉంటుంది, కాని రాత్రి అంత వేగంగానే తరిగిపోతుంది. మురుగు తక్కువైతే రాత్రి భయం లేదు, కాని చేపకు ఆహారం చాలదు. ఎరువు కొద్దీ పైరు అనే పొలం లెక్క ఇక్కడ కొంతదూరమే నడుస్తుంది. మోచేతి వరకు చేతిని నీటిలో ముంచి అరచేతిని చూడడం చేపల రైతులందరికీ తెలిసిన పరీక్ష. అరచేయి స్పష్టంగా కనిపిస్తే నీటిలో ఆహారం తక్కువ. మణికట్టు దాటగానే కనుమరుగైతే నాచు మితిమీరినట్లు. మోచేయి మునిగేవేళకు అరచేయి మసకబారితే నీరు సరిగా ఉన్నదని భావిస్తారు.

వేడికి కూడా ఈ లెక్కలో భాగమున్నది. మన దేశపు ప్రధాన మంచినీటి జాతులు 25 నుండి 32 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య బాగా పెరుగుతాయి. నీరు వెచ్చబడినకొద్దీ చేప శరీరంలో జీవక్రియలు వేగవంతమవుతాయి, ఆకలి పెరుగుతుంది, 10 డిగ్రీల వేడి పెరిగితే ప్రాణవాయువు అవసరం దాదాపు రెట్టింపవుతుంది. కాని వెచ్చని నీటిలో ప్రాణవాయువు కరిగేది తక్కువ. 20 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములనే ఇముడ్చుకోగలదు. అంటే చేపకు ఎక్కువ కావలసిన వేళకే నీటిలో తక్కువ మిగులుతుంది. బెంగాలులో చైత్ర వైశాఖాలలో సాయంత్రంపూట విరుచుకుపడే 'కాల్ బైశాఖీ' గాలివాన ఈ సందర్భంలో మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. గాలి నీటిని కలియబెట్టి ప్రాణవాయువును నింపుతుంది. అదే గాలి అడుగున ఉన్న కుళ్ళును ఒక్కసారిగా పైకి తెచ్చిందంటే ఉన్న ప్రాణవాయువు కూడా హరించుకుపోతుంది. అలలు మట్టిగట్టును కోసివేస్తాయి కూడా. గట్ల వెంబడి వెదురు కట్టి గుర్రపుడెక్కను నిలిపి ఉంచడానికి మొదటి కారణం ఈ అలల తాకిడిని విరగగొట్టడమే. మన చెరువులను, కాలువలను పాడుచేసే కలుపుగానే మనకు తెలిసిన ఈ మొక్క ఇక్కడ కావలివానిగా పనిచేస్తున్నది. ఎండవేళ చేపలకు నీడనిస్తుంది, నీటిలోని లోహాలను తన వేళ్ళలోకి కొంతవరకు పీల్చుకుంటుంది.

గాలి లేకుండా వరుసగా మబ్బు పట్టిన రోజులు అన్నిటికంటె ప్రమాదకరమైనవి. ఎండ లేదు కనుక ప్రాణవాయువు పుట్టదు. గాలి లేదు కనుక బయటినుండి కరగదు. అటువంటి రోజులలో తూము మూసివేయడం తప్ప మార్గం లేదు.

అమోనియాది మరొక విచిత్రమైన తీరు. మురుగు విరిగినప్పుడు పుట్టే ఈ పదార్థం నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. ఒక రూపం చేపకు అంతగా హాని చేయదు. రెండవది మొప్పలను దెబ్బతీసే విషం. నీటిలో క్షారగుణం, వేడి పెరిగినకొద్దీ మొదటి రూపం రెండవదిగా మారుతుంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం నాచు బొగ్గుపులుసు వాయువును పూర్తిగా లాగివేసినందున నీటి క్షారగుణం హెచ్చుతుంది. ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్న ఆ వేళనే అమోనియా విషం కూడా పైకి వస్తుందన్నమాట. చేప చావకపోవచ్చు. కాని మేత మానివేస్తుంది, రోగాలకు లోనవుతుంది, నెల తరువాత వలలో పడినప్పుడు తూకం తక్కువగా ఉంటుంది. పెంపకందారు నష్టం చాలావరకు ఇలా కనిపించకుండా జరిగేదే.

ఒకే నీటిలో పలు జాతులు

ఈ చెరువులలో ఒకే జాతిని పెంచరు. బొచ్చె నీటి పైపొరలో జంతుప్లవకాలను, శీలావతి నడిమిపొరలో నాచును, ఎర్రమోసు అడుగున కుళ్ళిన పదార్థాన్ని తింటాయి. వీటికి తోడు విదేశాల నుండి వచ్చిన వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ, తిలాపియాలు కూడా ఉన్నాయి. నాచును ఎవరూ తినకపోతే అది మితిమీరి పెరిగి, చచ్చి, కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. కాబట్టి చేప నీటివల్ల పెరగడమే కాక నీటిని బాగుచేస్తూ కూడా ఉన్నది. మురుగునీటిలోని రోగకారక సూక్ష్మజీవుల సంఖ్యను ఎండ, కాలం, క్షారగుణం కలిసి బహుళంగా తగ్గిస్తాయి. అయినా ఈ చేపలను బాగా ఉడికించి తినవలసిందే. బెంగాలీ గృహిణి పసుపు పట్టించి, ఆవనూనెలో వేయించి, తరువాత పులుసులో మరిగించే పద్ధతి ఈ విషయంలో కూడా ఉపయోగకరమైనదే.

హౌరాలో ఆంధ్రచేప

కోల్‌కతా బజారులో చేపలు కొనే గృహస్థు అడిగే మొదటి ప్రశ్న ఇది స్థానికమా, 'చాలానీ'యా అని. చాలానీ అంటే బయటినుండి దిగుమతి అయినది. ఆ చాలానీ చేపలో పెద్దభాగం మన ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చినదే. కొల్లేటి చుట్టుప్రక్కల కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల నుండి మంచుగడ్డల మధ్య పేర్చిన శీలావతి, బొచ్చె చేపలు లారీలలో హౌరా టోకు మార్కెట్టుకు చేరుతాయి. కృష్ణా గోదావరి డెల్టా నీటిలో పెరిగిన చేప గంగా డెల్టావారి భోజనంలోకి వెళ్ళడం వెయ్యి కిలోమీటర్లు దాటిన బాంధవ్యం.

రెండు ప్రాంతాల చేపలకు రుచిలో తేడా ఉన్నదా అనే వివాదాన్ని బెంగాలీలకే వదలి, పెంపకంలోని తేడాను చూద్దాము. కొల్లేటి రైతు తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క కొని సంచులలో నింపి చెరువులో కర్రలకు వ్రేలాడదీస్తాడు. చెరువు లోతు ఎక్కువ. చేపను కిలో, కిలోన్నర వరకు పెంచి ఒకేసారి పట్టి అమ్ముతాడు. కోల్‌కతా పెంపకందారుకు మేత ఖర్చు స్వల్పం; నగరమే మేత పంపుతున్నది. అతడు చిన్న చేపలనే తరచుగా పట్టి, పట్టినంత మేరకు మళ్ళీ పిల్లలను వదులుతూ ఉంటాడు. తెల్లవారేసరికి అవి వేలంలో అమ్ముడుపోతాయి. ఒకచోట పెట్టుబడి ఎక్కువ, రాబడి ఎక్కువ. మరొకచోట రెండూ తక్కువ, కాని చేయి తిరిగే డబ్బు రోజూ ఉంటుంది.

రెండు చోట్లా ఉపయోగపడుతున్న ఒక ఆవిష్కరణను ఇక్కడ స్మరించాలి. ఈ జాతులు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. పూర్వం వానకాలపు నదులలో పిల్లలను ఏరి తెచ్చేవారు. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి పెంపకపు చేపలచేత గ్రుడ్లు పెట్టించడంలో సఫలులయ్యారు. ఆ తేదీని దేశమంతటా మత్స్యరైతుల దినంగా జరుపుకొంటున్నారు.

మరొక పోలిక మన పాఠకులు తప్పక గమనించదగినది. తూర్పు కోల్‌కతా చిత్తడినేలలు, కొల్లేరు సరస్సు రెండూ ఒకే రోజున, 2002 ఆగస్టు 19న, రామ్‌సార్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరాయి. కాని వాటిలో చేపల చెరువుల పాత్ర పరస్పర విరుద్ధమైనది. కొల్లేరులో సరస్సు గర్భాన్నే గట్లు వేసి చెరువులుగా మార్చినందువల్ల నీటి ప్రవాహం అడ్డగించబడి, వలసపక్షుల తావులు తరిగిపోయాయి. 1999లో అభయారణ్యం ప్రకటించిన తరువాత 2006లో ప్రభుత్వం అయిదవ కాంటూరు దిగువనున్న గట్లను పడగొట్టవలసి వచ్చింది. కోల్‌కతాలో చెరువు ఉన్నంతవరకే చిత్తడినేల ఉన్నది. చెరువు మూతపడితే అక్కడ లేచేది భవనం. చేపల పెంపకం ప్రకృతికి మేలా కీడా అని చర్చాపోటీలలో వాదించే విద్యార్థులు ఏ నేలపై, ఏ నీటిలో అని ముందు అడగడం మంచిది.

తూము ఎవరి చేతిలో

1962లో ఉప్పుసరస్సుల ఉత్తరభాగాన్ని హుగ్లీనది నుండి తోడిన ఇసుకతో పూడ్చి బిధాన్‌నగర్ ఉపనగరాన్ని నిర్మించే పని ప్రారంభమైంది. ముఖ్యమంత్రి బిధాన్‌చంద్ర రాయ్ పట్టుదలతో చేపట్టిన ఆ పథకం వేలాది కుటుంబాలకు ఇళ్ళను ఇచ్చింది. అదే సమయంలో ఎన్నో చెరువులు కనుమరుగయ్యాయి. ఆ కాలంలో ఈ నీటి విలువ తెలిసినవారు అధికార వర్గాలలో అరుదు. 1980 దశకంలో రాష్ట్రప్రభుత్వపు ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ నగరపు మురుగు చివరికి ఏమవుతున్నదో తెలుసుకోవడానికి కాలువల వెంబడి నడిచి, శుద్ధియంత్రాలు ఏవీ లేకుండానే అది శుద్ధి అవుతున్నదని గుర్తించారు. అక్కడి మత్స్యకారులను తన గురువులుగా భావించిన ఆయన జీవితాంతం, 2018లో మరణించేవరకు, ఈ చెరువుల పక్షాన వాదించారు. 1992లో ఒక పౌరసంస్థ వేసిన వ్యాజ్యంలో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి ఉమేశ్‌చంద్ర బెనర్జీ ఈ ప్రాంతపు భూవినియోగాన్ని మార్చరాదని తీర్పు ఇచ్చారు. 2006లో పశ్చిమ బెంగాల్ శాసనసభ ప్రత్యేక చట్టం చేసింది.

చట్టం నేలను కాపాడగలదు. నీటిని కాపాడటం అంత సులభం కాదు. 1996లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు నగరంలోని తోళ్ళ పరిశ్రమలు చిత్తడినేలల అంచున ఉన్న బాన్‌తలాకు తరలించబడ్డాయి. తోలు పదును చేయడంలో క్రోమియం వాడుతారు. ఇళ్ళనుండి వచ్చే మురుగు కుళ్ళి ఆహారమవుతుంది, లోహం కుళ్ళదు. అది అడుగు బురదలో చేరి అక్కడే నిలుస్తుంది. అందువల్ల అడుగున మేసే ఎర్రమోసు వంటి జాతులపై, బురదపై ఎడతెగని పరీక్షలు అవసరమవుతున్నాయి. ఇంటి మురుగును, కర్మాగారపు మురుగును ఒకే కాలువలో కలపరాదనే నియమం అమలులో ఎంత గట్టిగా ఉంటే ఈ చేపలు అంత క్షేమకరమైనవి.

బాన్‌తలాలోనే కాలువ నీటిమట్టాన్ని అదుపు చేసే లాకులున్నాయి. అక్కడ మట్టం ఎత్తుగా ఉంటే చెరువులకు నీరు తనంత తాను ఎక్కుతుంది. మట్టం దించితే నగరంలోని నీరు త్వరగా బయటకు పోతుంది, చెరువుల తూములు మాత్రం ఎండుతాయి. వానకాలంలో నగరవీధులు మునిగినప్పుడు మట్టం దించమని నగరవాసులు కోరడం సహజం. ఎత్తమని మత్స్యకారులు కోరడం కూడా అంతే సహజం. మురుగు సరిగా అందని చెరువులో పైన చెప్పిన వరుస అంతా తారుమారవుతుంది. నాచు పలుచబడుతుంది, చేప ఎదగదు, మేత కొనవలసి వస్తుంది, కౌలుదారుకు గిట్టుబాటు తప్పుతుంది.

దీనికి తోడు పూడిక. మురుగుతో వచ్చిన ఒండ్రు ఏటా కొంత అడుగున పడుతుంది. శీతకాలంలో దానిని ఎత్తడానికి కూలీలు కావాలి, కూలికి డబ్బు కావాలి. గిట్టుబాటు లేని ఏడాది ఆ పని వాయిదా పడుతుంది. మీటరు లోతున్న చెరువు అర మీటరుకు, అంతకంటె తక్కువకు దిగుతుంది. వేసవిలో ఆ కొద్ది నీరు మధ్యాహ్నానికి వేడెక్కిపోతుంది, రాత్రికి ప్రాణవాయువు నిలువదు. అటువంటి చెరువులో బొచ్చె ఎదగదు. తక్కువ ప్రాణవాయువులో కూడా బ్రతకగల తిలాపియాయే మిగులుతుంది, దానికి బజారులో ధర తక్కువ. గట్టుమీది ముసలి మత్స్యకారుడు తన చెరువు పరిస్థితిని తెలుసుకోవడానికి వలలోని చేపలను లెక్కపెట్టడు. ఏ చేప పడిందో చూస్తాడు.